రక్తపింజరి తిరిగే చేలో మోకాలి దాకా రబ్బరు బూట్లు: ఎంతవరకు పనికొస్తాయి?

రక్తపింజరి అలికిడికి పారిపోయే రకం కాదు. ఒంటి నిండా మూడు వరుసల గోధుమరంగు మచ్చలు, చుట్టూ కాటుక గీతలు. ఎండుగడ్డిలో చుట్ట చుట్టుకుని పడుంటే అడుగు దూరంలో ఉన్నా కంటికి ఆనదు. ఎలుక వచ్చే దారిలో గంటల తరబడి కాచుకుంటుంది, మనిషి దగ్గరికొచ్చినా కదలదు. కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుసకొట్టిందంటే మన అదృష్టం. తొక్కాక మాత్రం బుస ఉండదు, కాటే. అది ఎక్కువగా పాదం మీదో, చీలమండ మీదో పడుతుంది కాబట్టి రాత్రిపూట మోటారు వేయడానికి గట్టు మీద నడిచేవాళ్లకు ఈ బూట్లు కచ్చితంగా ఉండాలి.

ఎత్తు 35 సెంటీమీటర్లకు తగ్గితే కొనొద్దు. మందం చూసి మోసపోకండి. దీని కోర సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు ఉంటుంది, రబ్బరు ఒక్కటే దాన్ని ఆపుతుందన్న భరోసా లేదు. అసలు కాపాడేది బూటుకూ పిక్కకూ మధ్య ఉన్న ఖాళీ. బిగుతుగా పట్టేసే బూటులో ఆ ఖాళీ ఉండదు. ఒక సైజు పెద్దది తీసుకుని, మందపాటి ప్యాంటు లోపలికి దోపుకోవాలి. పీవీసీవి చవక, కానీ ఎండలో వదిలేస్తే గట్టిపడి చీలమండ మడత దగ్గర చిట్లుతాయి. నీడలో బోర్లించి ఆరబెట్టండి.

దమ్ము చేసిన మడిలో మాత్రం ఇవి దండగ. బురద పట్టేసి కాలు బయటికొస్తుంది, బూటు లోపలే ఉండిపోతుంది. కోతల్లో ఇంకో లోటు: దుబ్బు మొదట్లో పట్టుకునే ఎడమ చేతికి ఏ రక్షణా లేదు. ముందు కర్రతో దుబ్బు కదిపి చూడడం తప్పదు.

ఈ పాము గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది, ఒక్క ఈతకు 20 నుంచి 40 దాకా. జూన్, జులైల్లో ఈ పిల్లలు ఎక్కువ. జానెడు పిల్లకూ పుట్టుకతోనే విషం ఉంటుంది. పొద్దున్నే బూటు తలకిందులుగా పట్టుకుని దులపకుండా కాలు పెట్టొద్దు.

లేసులు లేని బూటే మేలు. కాటు పడితే వాపు ఎక్కేలోపే సులువుగా తీసేయాలి. కట్టు కట్టకూడదు, కోయకూడదు. కాలు కదలనివ్వకుండా, పాము కాటు సూది మందు ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అక్కడ గాజు గొట్టంలో రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డకట్టిందో లేదో చూస్తారు.