పిల్లల ప్రవర్తనా సమస్యల కారణాలు వెతకాలంటే: కోహోర్ట్ అధ్యయనమా, కేస్-కంట్రోలా?

గుంటూరు, విజయవాడల్లో పీజీ థీసిస్‌కు ఈ అంశం తీసుకునేవారు ముందు తేల్చుకోవాల్సింది ఇదే. కేస్-కంట్రోల్ అంటే సమస్య ఉన్న పిల్లల్ని (కేసులు), లేని పిల్లల్ని (కంట్రోల్స్) పోల్చి, గతంలోకి వెళ్లి కారణాలు వెతకడం. కోహోర్ట్ అంటే ఒక పిల్లల గుంపును ముందు నుంచే గమనిస్తూ, ఎవరికి సమస్య వస్తుందో చూడడం.

సమయం: కేస్-కంట్రోల్ ఏడాదిలో ముగించవచ్చు. కోహోర్ట్‌కు ఏళ్లు కావాలి. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972–73లో పుట్టిన 1,037 మందిని నడివయసు దాకా గమనిస్తూ వచ్చారు.

సంఖ్య: నూటికి ఇద్దరిలో ఉండే సమస్యకు వెయ్యిమంది పిల్లల్ని వెంబడిస్తే దొరికేది ఇరవై కేసులే. ఓపీలో నేరుగా కేసులే దొరుకుతాయి.

కేస్-కంట్రోల్‌లో దెబ్బతినేది జ్ఞాపకం దగ్గర. సమస్య ఉన్న బిడ్డ తల్లి గర్భంతో ఉన్నప్పటి ప్రతి జ్వరాన్నీ గుర్తుచేసుకుంటుంది. మిగతా తల్లులు మరిచిపోతారు. అందుకే తల్లీబిడ్డల కార్డు, డిశ్చార్జి కాగితం చూసే రాసుకోవాలి. కంట్రోల్స్‌ను అదే బడి, అదే తరగతి నుంచి తీసుకుని, ఎస్‌డీక్యూ (పిల్లల ప్రవర్తన, భావోద్వేగాలను అంచనా వేసే ప్రశ్నావళి) 25 ప్రశ్నలతో వడపోయాలి. లేకపోతే ఎవరూ గుర్తించని కేసులు అందులో కలిసిపోతాయి.

కోహోర్ట్‌లో మనుషులే జారిపోతారు. తొలి కాన్పుకు పుట్టింటికొచ్చిన అమ్మాయి కొన్ని నెలలకే బిడ్డతో అత్తవారింటికి వెళ్తుంది. చేర్చుకునే రోజే రెండిళ్ల చిరునామాలు, ఫోన్ నంబర్లు తీసుకోండి.

కొట్టడం వల్ల పిల్లాడు మొండికేశాడా, మొండికేశాడని కొట్టారా? ఏది ముందో చూపగలిగేది కోహోర్టే. అయినా పేదరికం, వంశపారంపర్యం రెండింటి వెనకా ఉండొచ్చు, వాటినీ కొలవాల్సిందే.

అరుదైన సమస్య, తక్కువ గడువు, కాగితం మీద నమోదైన కారణం అయితే కేస్-కంట్రోల్. పెంపకం, ఇంటి గొడవలు, బడిలో వేధింపుల వంటివైతే, నిధులూ స్థిరమైన బృందమూ ఉంటే, కోహోర్ట్.