ఫుట్‌బాల్ బదిలీలు: ఉన్నదే మేలా, రుసుము ఎత్తేయడం మేలా, హద్దు పెట్టడం మేలా?

ఆటగాళ్ల బదిలీల మీద యూరప్‌లో నడుస్తున్న గొడవ పర్లాకిమిడి, గుణుపురం వైపు మనకు సంబంధం లేనిదనిపిస్తుంది. కానీ మన చుట్టుపక్కల సవర ఊళ్లలో మేకపోతు బహుమతి కోసం ఆడే కుర్రాడొకడు భువనేశ్వర్ దాటి విదేశీ క్లబ్ దాకా వెళ్లాడనుకోండి. వాణ్ణి తయారుచేసిన జట్టుకు ఏమొస్తుందన్నది ఈ గొడవ ఎలా తేలుతుందన్న దాని మీదే ఉంటుంది.

ఇప్పుడున్న పద్ధతిలో కాంట్రాక్టు గడువు ముగిస్తే ఆటగాడు స్వేచ్ఛగా పోవచ్చు. ఇది 1995లో బెల్జియం ఆటగాడు బోస్మన్ గెలిచిన కేసు పుణ్యం. మధ్యలో పోవాలంటే మాత్రం కొత్త క్లబ్ రుసుము కట్టాలి. 2017లో నెయ్‌మార్ కోసం పారిస్ క్లబ్ 22 కోట్ల 20 లక్షల యూరోలు కట్టింది. ఇంత డబ్బు పెద్ద క్లబ్‌ల మధ్యే తిరుగుతుంది. ఇందులో నాకు నచ్చేది ఒక్కటే, 5 శాతం వాటా. దేశం దాటే బదిలీ రుసుములో అంత భాగం, ఆటగాడికి 12 నుంచి 23 ఏళ్ల వరకు శిక్షణ ఇచ్చిన క్లబ్‌లకు పోవాలి. 15 ఏళ్ల దాకా ఏడాదికి పావు శాతం, ఆ తర్వాత అర శాతం. రుసుము 10 కోట్ల రూపాయలైతే, మొదటి నాలుగేళ్లు ఆడించిన చిన్న క్లబ్‌కు 10 లక్షలు. మన దగ్గర ఆ డబ్బుతో ఎన్నేళ్లు బూట్లు, బంతులు కొనొచ్చో!

రాయగడలో మిల్లులో పనిచేసే మా బావది రెండో దారి, రుసుమే ఎత్తేయాలంటాడు. "నేను నోటీసిచ్చి ఇంకో మిల్లుకు పోతే నన్నెవరూ అమ్మరు కదరా, ఆటగాణ్ణెందుకు అమ్మాలి?" అంటాడు.

"నిజమే బావా, మరి నీకు పని నేర్పినోడికి కొత్త మిల్లు ఏమిచ్చింది?" అన్నాను. నవ్వేశాడు.

బావ మాటలో న్యాయముంది. రష్యా క్లబ్ లొకొమోటివ్ మాస్కోతో కాంట్రాక్టు మధ్యలో తెగిపోయాక ఫ్రాన్స్ ఆటగాడు లసానా డియారా మీద కోటి యూరోలకు పైగా పరిహారం పడింది. ఆ భారం తమ మీదా పడుతుందని, అతన్ని తీసుకోవాలనుకున్న బెల్జియం క్లబ్ షార్లెరువా వెనకడుగు వేసింది. అలాంటి నిబంధనలు చెల్లవని 2024 అక్టోబర్ 4న యూరప్ న్యాయస్థానం చెప్పింది. అలాగని రుసుమే లేకపోతే 5 శాతం దేనిలోంచి తీస్తారు?

అందుకే నా ఓటు మూడోదానికి: మిగిలిన కాంట్రాక్టు జీతమే పరిహారం, అంతకు మించి పైసా వద్దు. కాంట్రాక్టు మధ్యలో వెళ్లిపోయిన స్కాట్లండ్ ఆటగాడు ఆండీ వెబ్‌స్టర్ కేసులో 2008లో క్రీడా మధ్యవర్తిత్వ కోర్టు ఇలాగే లెక్కేసి, లక్షా 50 వేల పౌండ్లకు తేల్చింది. మరుసటి ఏడాదే అలాగే వెళ్లిపోయిన బ్రెజిల్ ఆటగాడు మతుజలెమ్ కేసులో కోటి యూరోలు దాటించి ఆ దారి మూసేసింది. దాన్ని మళ్లీ తెరవాలి. శిక్షణ వాటాను మాత్రం రుసుము నుంచి విడదీసి, పెద్ద లీగ్‌ల టీవీ ఆదాయం నుంచి నేరుగా ఇవ్వాలి. క్లబ్‌లు ఒప్పుకోవడం కష్టమే.

మనవాళ్లకు అసలు చిక్కు ఇంకొకటుంది. 2022 నుంచి ఈ శిక్షణ వాటా చెల్లింపులు పారిస్‌లోని ఫిఫా క్లియరింగ్ హౌస్ ద్వారా నడుస్తున్నాయి. అక్కడ చూసేది ఏ ఏడాది ఏ క్లబ్‌లో నమోదయ్యాడన్న రికార్డునే. ఊరి జట్టు ఫుట్‌బాల్ సంఘంలో నమోదు కాకపోయినా, పిల్లాడి పేరు జాతీయ సమాఖ్య ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్‌లో ఎక్కకపోయినా, మూడింట్లో ఏ పద్ధతి వచ్చినా ఆ ఏళ్ల వాటా ఊరికి రాదు.