కోర్సెయిర్ ఆర్ఎం750ఎక్స్: హైదరాబాద్ ఎండల్లో, కరెంటు కోతల్లో వాడాక

ఈ ఎస్ఎంపీఎస్‌ని, అంటే కంప్యూటర్‌లోని భాగాలన్నిటికీ కరెంటు ఇచ్చే పెట్టెని, కొన్నేళ్లుగా రోజూ వాడుతున్నాను. పగలు ఆఫీసు పని, రాత్రి గేములు, సెలవుల్లో బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో రెండరింగ్. ఈలోపు గ్రాఫిక్స్ కార్డు మారింది, యూపీఎస్ మారింది, ఇది మాత్రం అలాగే ఉంది. అప్‌గ్రేడ్ చేసేవాళ్లు కార్డు మీద పెట్టే శ్రద్ధలో సగమైనా దీని మీద పెట్టాలని గట్టిగా చెబుతాను.

దీనికి ముందు క్యాబినెట్‌తో పాటు వచ్చిన పాతది ఉండేది. పైన పెద్ద అక్షరాలతో 450 వాట్స్ అని రాసుంది. ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు పెట్టాక, గేము మొదలైన కాసేపటికే సిస్టమ్ టప్పున ఆగిపోయేది. బ్లూ స్క్రీన్ లేదు, ఎర్రర్ లేదు. విప్పి పక్కనున్న స్టిక్కర్ చదివితే సంగతి తేలింది. 12 వోల్టుల గడిలో ఉన్నది 18 ఆంపియర్లు. 12ని 18తో గుణిస్తే 216 వాట్లు, అంతే. ఇప్పటి సిస్టమ్‌లలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు దాదాపు పూర్తిగా ఈ 12 వోల్టుల మీదే నడుస్తాయి. 3060కి 170 వాట్లు కావాలి, నా రైజెన్ 5 5600 ప్రాసెసర్ ఫుల్ లోడులో 76 దాకా వెళ్తుంది. ఆ రెండే 246 అయ్యాయి. ఇంక ఎక్కడ నిలబడుతుంది?

అందుకే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో డబ్బాలు తిప్పి తిప్పి ఆ గడే చూశాను. ఆర్ఎం750ఎక్స్‌లో 12 వోల్టుల దగ్గర 62.5 ఆంపియర్లు ఉంది, అంటే 750 వాట్లూ అక్కడే దొరుకుతాయి. “ఇంత పెద్దది ఎందుకన్నా, 550 చాలు” అన్నాడు కౌంటర్ దగ్గరి తమ్ముడు. 3060 వరకు అతని మాట నిజమే, ఆ కార్డు కంపెనీ ఎన్విడియా చెప్పేది కూడా 550యే. కానీ నేను తర్వాత పెట్టబోయే కార్డుని బట్టి కొన్నాను. ఇప్పుడున్న 4070 సూపర్ కార్డుకి 220 వాట్లు కావాలి, ఎస్ఎంపీఎస్ మాత్రం 650ది ఉండాలని సిఫారసు. లెక్క కంటే సిఫారసు అంత ఎక్కువ ఉండడానికి కారణం ఉంది. కార్డు కన్నుమూసి తెరిచేలోపు మామూలు కంటే చాలా ఎక్కువ కరెంటు లాగి వదులుతుంది. 2022లో ఎస్ఎంపీఎస్‌ల కోసం వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఈ కుదుపుల కోసమే ప్రత్యేకంగా నియమాలు పెట్టింది. ఇప్పుడు కొత్తగా కొంటుంటే ఆ ముద్ర గానీ, దాని తర్వాత వచ్చిన 3.1 ముద్ర గానీ ఉన్నదే తీసుకోండి.

అసలు ఇబ్బంది నాకు యూపీఎస్ దగ్గర వచ్చింది. గేములో సిస్టమ్ మొత్తం 350 వాట్ల దాకా వాడుతుంది. ఈ ఎస్ఎంపీఎస్‌కున్న గోల్డ్ రేటింగ్ అంటే, సగం లోడు దగ్గర గోడ నుంచి లాగిన కరెంటులో సుమారు 90 శాతం భాగాలకి అందుతుంది కాబట్టి, గోడ నుంచి వచ్చేది 390కి దగ్గర. పాత 600 వీఏ యూపీఎస్ ఇవ్వగలిగింది 360 వాట్లే. కరెంటు పోగానే ఒక్క కూత కూసి అదీ ఆగిపోయేది. 660 వాట్లు ఇచ్చే 1100 వీఏ యూపీఎస్ తెచ్చాక టెన్షన్ పోయింది. వానాకాలం గాలిదుమారాల్లో కరెంటు వచ్చిపోతూ ఉన్నా సేవ్ చేసుకుని నెమ్మదిగా షట్‌డౌన్ చేసే టైం దొరుకుతోంది. యూపీఎస్ మీది వీఏ అంకె కాదు, వాట్లు చూడండి.

ఇంకోటి, క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి జివ్వుమని తగులుతుంటే ఎస్ఎంపీఎస్‌ని తిట్టుకోకండి. ముందు ప్లగ్గులో ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. మా పాత అపార్ట్‌మెంట్‌లో మూడో రంధ్రం వెనక అసలు వైరే లేదు.

ఏసీ లేని గదిలో మే నెల ఎండల్లో కూడా ఇది ఒక్కసారి ఆగలేదు. 50 డిగ్రీల దగ్గర కూడా పూర్తి 750 వాట్లు ఇచ్చేలా దీన్ని తయారు చేశారు. మన ఊళ్లో నాకు బాగా అక్కరకొచ్చిన గుణం అదే. తక్కువ లోడులో ఫ్యాన్ అసలు తిరగదు. కొత్తలో మా తమ్ముడు “అన్నా, ఫ్యాన్ పోయినట్టుంది” అని కంగారుపడ్డాడు కూడా. లోడు పెరిగితే అదే తిరుగుతుంది, శబ్దం కార్డు ఫ్యాన్ల హోరులో కలిసిపోతుంది.

కేబుళ్లన్నీ ఊడదీసుకునే రకం. ఇక్కడ మాత్రం చాలా జాగ్రత్త: వేరే కంపెనీ ఎస్ఎంపీఎస్ కేబుల్ సరిగ్గా పట్టినా సరే, పెట్టకండి. ఎస్ఎంపీఎస్ వైపు పిన్నుల వరస కంపెనీకో రకంగా ఉంటుంది. హార్డ్ డిస్కులు కాలిపోవచ్చు. 4070 సూపర్‌తో వచ్చిన అడాప్టర్‌కి కూడా ఒకే కేబుల్ రెండు కొసలు కాకుండా, రెండు కేబుళ్లు విడివిడిగా ఇచ్చాను.

ఆఫీసు పనికి, చిన్న కార్డుకి ఇది అనవసరపు ఖర్చు. మంచి 550 కొనుక్కుని మిగిలిన డబ్బు ఎస్ఎస్‌డీ మీద పెట్టండి. 4070 స్థాయి కార్డు ఉన్నవాళ్లకి, త్వరలో కొనేవాళ్లకి మాత్రం కళ్లు మూసుకుని ఇదే కొనమని చెబుతాను. దీనికి 10 ఏళ్ల వారంటీ ఉంది. థర్మల్ పేపర్ బిల్లయితే అక్షరాలు త్వరగా చెరిగిపోతాయి, కొన్నరోజే సీరియల్ నంబరుతో కలిపి ఫొటో తీసి పెట్టుకోండి.