‘పల్నాటి యుద్ధం’ (1966): చాపకూడులో ఎవరి పక్కన ఎవరు?

గుంటూరు, నరసరావుపేట వైపు పల్నాటి కథ వినని ఇల్లు తక్కువ. అందుకే గుత్తా రామినీడు తీసిన ఈ సినిమాని ఇక్కడ ఎక్కువమంది బ్రహ్మనాయుడిగా ఎన్టీఆర్, నాగమ్మగా భానుమతి ఎలా చేశారన్న లెక్కలోనే చూస్తారు. నటనకి వంక పెట్టలేం. కానీ ఇది చాపకూడు పేరుతో కులాలు ఒకే చాప మీద తిన్న కథ, ఒక ఆడమనిషి మంత్రిగా రాజ్యం నడిపిన కథ. అలాంటి కథలో ఎవరికెంత చోటు దక్కిందో కూడా అడగాలి. మా లెక్కలో నాగమ్మకి బాగానే దక్కింది, బ్రహ్మనాయుడి సేనాని కన్నమదాసుకి దక్కాల్సినంత దక్కలేదు.

నాగమ్మ పాత్రకి మొదటి నుంచీ పెద్ద నటీమణులే దొరికారు. గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టగా, ఆయన పోయాక ఎల్వీ ప్రసాద్ పూర్తిచేసిన 1947 నాటి ‘పల్నాటి యుద్ధం’లో కన్నాంబ, ఇందులో భానుమతి. గొంతులోనే అధికారం ఉన్నవాళ్లు. దాంతో నాగమ్మ ఎదురుగా ఉన్న మగవాళ్లకి తలవంచే మనిషిలా ఎక్కడా కనపడదు. చిక్కంతా నీతి దగ్గర. బ్రహ్మనాయుడు పట్టుపడితే ధర్మం, నాగమ్మ పట్టుపడితే పంతం. కోడిపందెం ఘట్టం దగ్గర కాస్త ఆగి చూడండి. పందానికి ఒప్పుకున్నది ఇద్దరూ, రాజ్యాన్ని పణంగా పెట్టింది ఇద్దరూ. తప్పు మాత్రం ఒక్కరి ఖాతాలోనే పడుతుంది. ఈ పక్షపాతం సినిమాతో పుట్టింది కాదు, కథ చెప్పేవాళ్లు తరతరాలుగా బ్రహ్మనాయుడి పక్షమైన మాచర్ల వైపే నిలబడ్డారు. కాబట్టి దర్శకుణ్ణి ఒక్కణ్ణే తప్పుపట్టడం సరికాదు.

కన్నమదాసు సంగతి వేరు. మాల కులంలో పుట్టి బ్రహ్మనాయుడి సేనకి నాయకుడైనవాడు, ఆయన కొడుకుగా చూసుకున్నవాడు. ఈ పాత్రని అంచనా వేసేటప్పుడు చాలామంది చేసే పొరపాటు, తెర మీద ఎన్నిసార్లు కనిపించాడో లెక్కపెట్టడం. అది చాలదు. ఒక కాగితం మీద మూడు గడులు గీసుకోండి: బ్రహ్మనాయుడితో కాక ఇంకెవరితో మాట్లాడాడు, తనంతట తాను ఏం నిర్ణయించాడు, ఆ నిర్ణయంతో కథ ఎటు తిరిగింది. మొదటి గడి కొంత నిండుతుంది. మిగతా రెండూ ఎంత ఖాళీగా ఉంటాయో చూస్తే బాధేస్తుంది. విధేయతే అతని గుణమైపోయింది.

చాపకూడు చూసేటప్పుడూ అంతే. అందరూ ఒకే వరసలో కూర్చున్నారని సంతోషపడి ముందుకు జరిపేయకండి. వండిందెవరు, వడ్డించేదెవరు, నీళ్లకుండ ఎవరి చేతిలో ఉంది, ముందు ముద్ద ఎవరు ఎత్తారు అన్నవి చూడాలి. అంటరానితనం బయటపడేది నీళ్ల దగ్గరే, వంట దగ్గరే. వాటిని చూపకుండా వరసని మాత్రమే చూపిస్తే చాపకూడు ఒక పెద్దమనిషి దయగా మిగిలిపోతుంది, కలిసి తిన్నవాళ్ల తెగింపు కనపడదు.

మాంచాలగా జమున, ఆమె భర్త, బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడిగా హరనాథ్ ఉన్న భాగం ఎక్కువమందికి నచ్చేదే. భర్తని యుద్ధానికి పంపే భార్యగా మాంచాలకి గౌరవం దక్కింది, అయితే ఆ గౌరవం ఆమె త్యాగం చుట్టూనే తిరుగుతుంది.

శ్రీనాథుడి పేరున మనకి దక్కిన ద్విపద కావ్యంలో బాలచంద్రుడి యుద్ధమే ప్రధానం. మిగతా కథని ఇన్ని వందల ఏళ్లు నోటితో మోసుకొచ్చింది ఈ కథని పాడే వీరవిద్యావంతులు, వాళ్లలో మాలలే ఎక్కువ. కారెంపూడిలో కార్తీక అమావాస్యకి మొదలయ్యే వీరుల ఉత్సవాలు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు రోజులు సాగుతాయి. మందపోరు నాడు చాపకూడు పెడతారు. పిల్లలకి ఈ సినిమా చూపించే పంతుళ్లు వీలైతే ముందు వీరవిద్యావంతుల పాట వినిపించి, తర్వాత సినిమా వేయండి. కన్నమదాసు పేరు పాటలో ఎక్కడెక్కడ వచ్చిందో పిల్లల చేతే రాయించండి. సినిమా అయ్యాక ఆ కాగితాన్ని మన మూడు గడుల కాగితం పక్కన పెట్టి చదివించండి.