క్లినిక్ సాఫ్ట్‌వేర్‌కి ఇంకా డబ్బు కడుతున్నానంటే ఆ పెండింగ్ లిస్టు కోసమే

అపాయింట్‌మెంట్లు, బిల్లులు, ప్రిస్క్రిప్షన్ ప్రింటు ఏ డెంటల్ సాఫ్ట్‌వేరైనా చేస్తుంది, వాటి గురించి రాయను. పేరు కూడా రాయట్లేదు, తిట్లు కొన్ని ఉన్నాయి కాబట్టి. భీమవరంలో ఒక్క కుర్చీ క్లినిక్ నాది. ఇది వాడబట్టి నాలుగేళ్లు దాటింది, విసుక్కుంటూనే ఈ ఏడు కూడా రెన్యువల్ చేశాను. కారణం, సగంలో ఆగిపోయిన ట్రీట్‌మెంట్ల లిస్టు.

రూట్ కెనాల్ పేషెంట్ల సంగతి ఏ డెంటిస్టునడిగినా చెబుతారు. నొప్పి తగ్గిందా, మనిషి మాయం, పన్ను మీద క్యాప్ వేయించుకోవడానికి రారు. క్యాప్ లేని దవడ పన్నుతో ఏ జంతికో, చేగోడీయో కొరికినప్పుడు అది నిలువునా చీలిందంటే చాలాసార్లు పీకడం తప్ప దారి ఉండదు, అప్పుడు మాత్రం వచ్చి "మీరు చేసిన పన్నేనండి విరిగింది" అంటారు! రిజిస్టరు తిరగేసి ఎవరు రాలేదో వెతికే తీరిక మా రిసెప్షన్ అమ్మాయికి ఎప్పుడూ లేదు. ఇందులో ఒక్క బటన్ నొక్కితే పేరు, పన్ను నంబరు, చివరిసారి ఎప్పుడొచ్చారు, బాకీ ఎంత, అన్నీ వరసగా వచ్చేస్తాయి. మొదటిసారి తెరిచినప్పుడు "36 క్యాప్ పెండింగ్, 46 క్యాప్ పెండింగ్" (36, 46 పన్ను నంబర్లు) అంటూ స్క్రీను కిందికి జరుపుతున్న కొద్దీ వస్తూనే ఉన్నాయి. ఆ సాయంత్రం దాకా నా క్లినిక్ బాగానే నడుస్తోందనుకుంటున్నాను.

ఒక మెలిక ఉంది. ట్రీట్‌మెంట్ ప్లాన్‌లో క్యాప్‌ని వేరే వరసగా రాయాలి. రూట్ కెనాల్ ఒక్కటే రాసి పూర్తయిందని టిక్ పెడితే ఆ పేషెంటు లిస్టులోంచి ఎగిరిపోతాడు. డెమో ఇచ్చినాయన ఈ ముక్క చెప్పలేదు.

అసలు కథ ఆటోమేటిక్ మెసేజీలతో వచ్చింది. ఒక పెద్దావిడకి కింది దవడ పన్ను రూట్ కెనాల్ చేశాను, ఆ తర్వాత ఆవిడ రాలేదు. కార్డులో ఉన్నది హైదరాబాద్‌లో ఉండే కొడుకు నంబరు, "పన్నుకి క్యాప్ పెండింగ్‌లో ఉంది" అన్న మెసేజ్ తిన్నగా ఆయనకే వెళ్లింది. ఫోన్ చేశాడు. "ఏవండీ డాక్టర్ గారూ, క్యాప్ డబ్బులు అమ్మ మీకు కట్టేసిందిగా, మళ్లీ పెండింగ్ అంటారేంటండి?" ఆవిడ కట్టలేదని చెబితే అమ్మని పట్టించినట్టు, చెప్పకపోతే నేను దొంగని. "ఒకసారి అమ్మగారినే అడగండి" అని పెట్టేశాను. రెండ్రోజులకి ఆవిడే వచ్చి కూర్చుంది. "ఏంటి బాబూ, మావాడికి చెప్పేశావు? నొప్పి లేదు కదా అని మనవరాలికి పట్టీలు కొన్నాను ఆ డబ్బుతో." క్యాప్ వేయించుకుంది, డబ్బు కొడుకే మళ్లీ పంపాడు. వెళ్తూ వెళ్తూ రిసెప్షన్ దగ్గర ఆగి, ఇకనుంచి తన నంబరే రాసుకోమని రెండుసార్లు చెప్పి మరీ వెళ్లింది.

మన ఊళ్లలో ఇంటికో నంబరు ఇస్తారు, అది ఎవరి చేతిలో ఉంటుందో మనకి తెలియదు. మెసేజ్‌లో ట్రీట్‌మెంట్ పేరే ఉండకూడదు అనిపించి మార్చమన్నాను. ఎస్సెమ్మెస్ టెంప్లేటు డీఎల్‌టీలో, అంటే టెలికాం కంపెనీల రిజిస్ట్రేషన్ పోర్టల్‌లో, ముందే నమోదవ్వాలి, మాటలు మారిస్తే మళ్లీ అప్రూవల్ రావాలి. ఆ రూలు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌ది, సరే, కానీ కంపెనీవాళ్లు దాన్ని వారాలకి వారాలు నానబెట్టారు, సపోర్ట్ నంబరుకి చేసిన ప్రతిసారీ కొత్త మనిషికి మొదటినుంచీ చెప్పుకోవాలి. పైగా తెలుగులో పంపితే ఒక ఎస్సెమ్మెస్‌కి 70 క్యారెక్టర్లే పడతాయి, ఇంగ్లీషులో అయితే 160. ఒత్తులు, గుణింతాల గుర్తులు కూడా విడివిడిగా లెక్కలోకొస్తాయి. రెండు వాక్యాలు రాస్తే రెండు మూడు మెసేజీల బిల్లు. ఇది కూడా డెమోలో లేదు.

అప్రూవల్ వచ్చేదాకా మెసేజీలు ఆపేసి, మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడు లిస్టు చూసి ఫోన్లు చేయమన్నాను మా రిసెప్షన్ అమ్మాయిని. "పిన్నిగారూ, ఆ పక్క గట్టివి నమలట్లేదు కదా? డాక్టర్ గారు ఒకసారి చూస్తానన్నారు" అంటుంది, అంతే. మెసేజీలకి రానివాళ్లు దీనికి వచ్చారు. మొదటి ఏడాది నా క్లాస్‌మేట్లందరికీ ఈ ఆటోమేటిక్ మెసేజీల గురించే తెగ పొగిడాను. ఇప్పుడడిగితే లిస్టు గురించి చెబుతాను, మెసేజీల ప్యాకేజీ కొనేముందు ఆలోచించుకోమంటాను. అప్రూవల్ వచ్చాక కూడా వాటిని అపాయింట్‌మెంట్ టైము గుర్తుచేయడానికే వాడుతున్నాను.

కొనాలా వద్దా అంటే, నాది ఒక్క కుర్చీ, సొంత ఊరు, ఫోన్‌లో బాగా మాట్లాడే అమ్మాయి ఉంది, కాబట్టి నాకు గిట్టింది. కన్సల్టెంట్లని, అంటే బయటి స్పెషలిస్టులని, పిలిపించే క్లినిక్ అయితే వాళ్ల వాటాల లెక్క ఇందులో తేలట్లేదని మా క్లాస్‌మేట్ ఒకడు గోలపెడుతున్నాడు, నాకా అవసరం పడలేదు. రోజుకి నలుగురైదుగురు వచ్చే కొత్త క్లినిక్ అయితే ఇంకో ఏడాది నోట్‌బుక్‌తో లాగించొచ్చు. తీసుకుంటే మాత్రం డబ్బు కట్టకముందే, మానేస్తే ఎక్స్‌రేలు బయటికి వస్తాయా అని అడగండి. నాకు పేర్లు, నంబర్లు ఎక్సెల్‌లో వస్తున్నాయి, ఎక్స్‌రేలు ఒక్కొక్కటే డౌన్‌లోడ్ చేసుకోవాలట.