పొటోమాక్ ఒడ్డున సైనిక స్మారకాలు: ఒక పూట పూర్తిగా వీటికే ఇవ్వండి

వాషింగ్టన్ డీసీకి వచ్చే మనవాళ్లు చాలామంది వైట్‌హౌస్ ముందు ఒక ఫొటో, లింకన్ మెమోరియల్ మెట్ల మీద ఇంకో ఫొటో దిగి, ఏదో ఒక మ్యూజియం చూసుకుని వెళ్లిపోతారు. పొటోమాక్ నది పక్కన వెస్ట్ పొటోమాక్ పార్కులో ఉన్న సైనిక స్మారకాలకు దారిలో ఓ పది నిమిషాలు దక్కుతాయి. నన్నడిగితే, డీసీలో ఒక్క పూటే ఉన్నా ఆ పూట వీటికే పెట్టుకోవాలి. టికెట్ లేదు, రాత్రీ పగలూ తెరిచే ఉంటాయి.

మేం నదికి అవతల, వర్జీనియా వైపు రాస్లిన్‌లో దిగాం. డీసీ లోపలి హోటళ్ల కంటే అద్దె తక్కువ పడింది. మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషనే ఫాగీ బాటమ్, అక్కణ్ణుంచి ఇరవై నిమిషాల నడక. గది ఇరుకు, బ్రేక్‌ఫాస్ట్‌లో పెద్దవాళ్లు తినగలిగినవి బ్రెడ్డు, పండ్లే. ఆష్‌బర్న్, హెర్న్‌డన్ వైపు చుట్టాలుంటే హోటలే అక్కర్లేదు. 2022లో మెట్రో సిల్వర్ లైన్‌ను ఆష్‌బర్న్ దాకా పొడిగించారు, మధ్యలో రైలు మారే పని లేదు. కారు మాత్రం వద్దు. ఒహాయో డ్రైవ్ పొడుగునా పార్కింగ్ ఉంది గానీ సెలవు రోజుల్లో ఖాళీ కోసం తిరుగుతూనే గంట గడిచిపోతుంది.

ముందు వియత్నాం గోడ, అంటే వియత్నాం యుద్ధంలో పోయిన అమెరికన్ సైనికుల స్మారకం దగ్గరికి వెళ్లండి. 1981లో జరిగిన డిజైన్ పోటీకి 1,421 నమూనాలు వస్తే, 21 ఏళ్ల విద్యార్థిని మాయా లిన్ గీసింది గెలిచింది. మరుసటి ఏడాది నవంబరులో గోడ సిద్ధమైంది. ఎత్తైన స్తంభాల్లేవు, జెండాలు పట్టుకున్న బొమ్మల్లేవు. నడుస్తుంటే దారి మెల్లగా కిందికి దిగుతుంది, గోడ చీలమండ ఎత్తు నుంచి తలను దాటిపోతుంది. నల్లరాయి మీద అర అంగుళం అక్షరాలతో 58 వేలకు పైగా పేర్లు. ఆ రాయి మన బెంగళూరు ప్రాంతం నుంచి వెళ్లిందే. నున్నగా మెరుగుపెట్టడంతో పేర్ల మధ్యలో మన ముఖమే కనిపిస్తుంది.

పేర్లు అక్షరక్రమంలో ఉండవు, ప్రాణాలు పోయిన క్రమంలో ఉంటాయి. గోడ రెండు రెక్కలు కలిసే మూల దగ్గర 1959తో మొదలై కుడి చివరి దాకా వెళ్లి, మళ్లీ ఎడమ చివర అందుకుని, 1975 నాటికి అదే మూలకు వస్తాయి. అందుకే ఒకే రోజు, ఒకే దాడిలో పోయినవాళ్లు పక్కపక్కనే ఉన్నారు. పేరు పక్కన చిన్న వజ్రం గుర్తుంటే మరణం ఖాయమైనట్టు, శిలువ లాంటి గుర్తుంటే ఆచూకీ తెలియనట్టు. అవశేషాలు దొరికితే ఆ గుర్తునే వజ్రంగా చెక్కుతారు.

ఇక్కడి సేవకు నేను నూటికి నూరు మార్కులు వేస్తాను. ఏ పేరు ఏ పలకలో ఉందో చెప్పే పుస్తకాలు దారి మొదట్లోనే ఉంటాయి. వాలంటీర్లు విసుక్కోకుండా వెతికి చూపిస్తారు, కాగితం, పెన్సిలు ఇస్తారు. మా పక్కన ఒక పెద్దావిడ కాగితాన్ని రాతికి అదిమిపెట్టి పెన్సిలుతో అడ్డంగా రుద్దుతోంది. నల్లటి గీతల మధ్య తెల్లగా ఒక్కో అక్షరం పైకి తేలింది. ఆర్మీలో సుబేదారుగా రిటైరైన మా మామగారు ఆవిడ ముగించేదాకా కదల్లేదు. తర్వాత, "ర్యాంకు రాయలేదమ్మా, చూశావా? ఆఫీసరైనా సిపాయైనా ఒకటే వరస" అన్నారు. ఆయన చెప్పేదాకా ఆ సంగతి నేను గమనించలేదు.

లింకన్ మెమోరియల్ ముందున్న పొడవాటి కొలను, రిఫ్లెక్టింగ్ పూల్ దాటి దక్షిణం వైపు వెళ్తే 1995లో తెరిచిన కొరియా యుద్ధ స్మారకం. వర్షపు కోట్లు కప్పుకుని గస్తీకి బయల్దేరిన 19 మంది సైనికుల స్టీలు విగ్రహాలు, ఒక్కొక్కటీ ఏడడుగులు దాటి ఉంటాయి. పక్క గోడలో ప్రతిబింబాలు కలిపితే 38, కొరియాను విడదీసిన అక్షాంశం అంకె. 2022లో అమరుల పేర్ల గోడ కూడా చేర్చారు. మనవాళ్లు తప్పక చూడాల్సింది ఉత్తరం వైపు నడకదారి అంచు. అక్కడ సాయపడిన దేశాల పేర్లలో ఇండియా ఉంది. మన సైన్యపు వైద్య దళం 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్, లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వంలో 1950లో అక్కడికి వెళ్లి, క్షతగాత్రులకు వైద్యం చేసింది. ఆయనకు మహావీర చక్ర వచ్చింది. ఆ కథ మామగారు మా పిల్లలకు అక్కడే నిలబడి చెప్పారు, పిల్లలు ఫోన్లు జేబులో పెట్టి విన్నారు.

2004లో తెరిచిన రెండో ప్రపంచ యుద్ధ స్మారకం 56 స్తంభాలు, ఫౌంటెన్లతో చాలా పెద్దది. అక్కడి 4,048 బంగారు నక్షత్రాల్లో ఒక్కొక్కటీ వందమంది అమెరికన్ మృతులకు గుర్తు. మిగతా రెండూ నా మనసుకు తగిలినంతగా ఇది తగల్లేదు, జనం సందడి కూడా ఎక్కువే. అయినా మాజీ సైనికులకు ఈ స్మారకాలు చూపించే హానర్ ఫ్లైట్ సంస్థ వాళ్లు చక్రాల కుర్చీల్లో తీసుకొచ్చే వృద్ధ సైనికులు కనిపిస్తే ఆగి నమస్కారం పెట్టండి. మామగారు సెల్యూట్ కొడితే, ఒక తాతగారు కుర్చీలోంచే తిరిగి సెల్యూట్ చేశారు.

దారులన్నీ సాఫీగా ఉన్నాయి, వీల్‌చైర్‌కు ఇబ్బంది లేదు. మరుగుదొడ్లు రెండో ప్రపంచ యుద్ధ స్మారకం దగ్గర ఉన్నాయి, పెద్దవాళ్లుంటే ముందే గుర్తుపెట్టుకోండి. తిండి మాత్రం వెంట తెచ్చుకోవాల్సిందే. మేం పులిహోర కట్టుకెళ్లాం. వేసవిలో నీడ తక్కువ, కాబట్టి సాయంత్రం ఐదు తర్వాత మొదలుపెట్టడం మేలు. రేంజర్లు, అంటే పార్కు సిబ్బంది, రాత్రి పది దాకా ఉంటారు, చీకటిపడ్డాక కొరియా విగ్రహాలకు దీపాలు వేస్తారు. స్మారకానికి పావుగంట చొప్పున ఇచ్చే ప్యాకేజీ బస్సుకు డబ్బు కట్టకండి. ఆ టైములో వియత్నాం గోడ మీద ఒక్క పేరు వెతకడం కూడా కుదరదు.