మేడమ్ ఫోర్‌మన్: హోటల్ గది కథ కోసం చదవండి, తీర్పు కథ కోసం కాదు

రెండేళ్ల క్రితం కాలిఫోర్నియాలోని శాన్‌హోసేలో నాకు జ్యూరీ పిలుపు వచ్చింది. జ్యూరీ అంటే కోర్టులో కేసు విని తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందం. చిన్న కేసు, ఎనిమిది రోజుల్లో ముగిసింది. చివరి రోజు మమ్మల్ని పంపించే ముందు న్యాయమూర్తి ఒక కాగితం చూసి చదివారు: ఈ కేసు గురించి ఇక ఎవరితోనైనా మాట్లాడవచ్చు, మాట్లాడకుండానూ ఉండవచ్చు, కానీ సమాచారం ఇచ్చి డబ్బు తీసుకునే బేరం మాత్రం 90 రోజుల దాకా కుదరదు. మన కథ డబ్బిచ్చి ఎవరు కొంటారని పక్క కుర్చీలో పెద్దాయన నవ్వారు. నాకు మాత్రం ఆ మాట మనసులో ఉండిపోయింది. ఎవరో ఒకరు అమ్ముకోబట్టే కదా, ఇలా చదివి చెప్పాల్సి వచ్చింది!

ఆ నియమాన్ని కాలిఫోర్నియా 1994లో చేసింది. మాజీ భార్యనూ ఆమె స్నేహితుడినీ చంపాడన్న అభియోగంతో మాజీ ఫుట్‌బాల్ తార ఓ.జె. సింప్సన్‌ను అరెస్టు చేసిన సంవత్సరం అది. ఆ కేసు జ్యూరీలో కూర్చున్న ముగ్గురు మహిళలు ఆర్మాండా కూలీ, క్యారీ బెస్, మార్షా రూబిన్-జాక్సన్ కలిసి తెచ్చిన పుస్తకమే ఈ ‘మేడమ్ ఫోర్‌మన్’. కూలీ ఆ జ్యూరీకి పెద్ద, అందుకే ఆ పేరు. ఆమె కౌంటీ ఉద్యోగి, మిగతా ఇద్దరూ తపాలా శాఖలో పనిచేసేవారు. వాళ్లు చెప్పగా టామ్ బర్న్స్ అనే రచయిత అక్షరరూపం ఇచ్చారు. నాకు దొరికింది ఏదో గ్రంథాలయం తీసేసిన పాత ప్రతి, తపాలా ఖర్చు కాక 9 డాలర్లు. జిగురు ఎండిపోయి మధ్యలో నాలుగు కాగితాలు ఊడి చేతికి వచ్చాయి.

పుస్తకానికి ప్రాణం హోటల్లో ఉంది. 1995 జనవరి నుంచి 265 రోజులు ఆ జ్యూరీని లాస్ ఏంజెలెస్ నగరం నడిబొడ్డున ఒక పెద్ద హోటల్లో ఉంచారు. గదిలో టీవీ లేదు. ఫోనులో ఎవరితో ఏం మాట్లాడినా ఒక డిప్యూటీ, అంటే కాపలా అధికారి, వింటూ ఉండేవారు. వార్తాపత్రిక వస్తే కేసు ముక్కలన్నీ కత్తిరించాకే వచ్చేది. ఒక కప్పు కింద, ఒకే బల్ల దగ్గర భోజనం చేస్తూ, అందరి తలలోనూ ఉన్న ఒకే ఒక్క విషయం గురించి పెదవి విప్పకూడదు. పది మందిని మధ్యలో తొలగించి, అదనపు సభ్యులను వాళ్ల కుర్చీల్లో కూర్చోబెట్టారు. ఏప్రిల్‌లో ముగ్గురు డిప్యూటీలను మార్చినందుకు జ్యూరీలో చాలామంది నల్ల బట్టలు వేసుకుని కోర్టుకు వచ్చారు. ఎనిమిది రోజులు సాయంత్రం ఇంటికి వచ్చి, కేసు సంగతి మావారికి చెప్పకుండా అన్నం వడ్డించడానికే నేను సతమతమయ్యాను. అందుకే ఈ భాగాన్ని రెండుసార్లు చదివాను. ముగ్గురి గొంతులూ వంతులవారీగా వినిపిస్తాయి.

నేను లెక్కల మనిషిని, కాబట్టి ఈ లెక్క కూడా వేశాను. వాళ్లకిచ్చిన భత్యం రోజుకు 5 డాలర్లు. ఒక్క రోజు వదలకుండా కట్టినా 265 రోజులకు 1,325 డాలర్లు. న్యాయవాదులు, సాక్షులు, విలేకరులు, చివరికి ముద్దాయితో సహా ఎందరో ఆ కేసు మీద పుస్తకాలు అమ్ముకున్నారు. తొమ్మిది నెలలు బందీల్లా బతికినవాళ్లు మాత్రం ఊరికే ఇంటికి పోవాలని అనడానికి నాకు నోరు రావడం లేదు.

అయినా ఈ పుస్తకం మీద నా ఫిర్యాదు పోదు. తీర్పు అక్టోబరు 3న వచ్చింది. అక్కడి నుంచి 90 రోజులు లెక్కపెడితే 1996 జనవరి 1 వస్తుంది. పుస్తకం మీద ముద్రణ సంవత్సరం 1995 అని ఉంది! చట్టం తప్పారని నేను అనడం లేదు. ఆ నిషేధం వాక్ స్వాతంత్ర్యానికి అడ్డమంటూ అప్పుడే ఫెడరల్ కోర్టులో సవాలు చేశారు కూడా. నా బాధ ఆ తొందర గురించే. నాలుగు గంటలు కూడా చర్చించకుండా నిర్దోషి అన్నారని దేశంలో సగం మంది తిట్టిపోస్తున్న రోజుల్లో ఈ మాటలు అచ్చయ్యాయి. దాంతో చివరి భాగం సంజాయిషీలా తయారయింది. రక్తపు నమూనాలను పోలీసులు సేకరించిన తీరు నమ్మకం కలిగించలేదు, సందేహం మిగిలింది, కాబట్టి విడిచిపెట్టామంటారు. అది చెప్పుకోదగ్గ కారణమే. కానీ ఆ గదిలో ఎవరు తటపటాయించారు, ఎవరి మాటకు ఎవరు మెత్తబడ్డారు అన్నది నాకు చాలలేదు. ఐదేళ్లు ఆగి రాసి ఉంటే ఆ నిదానం వచ్చేదేమో.

డబ్బు వాసన విచారణ సాగుతుండగానే గదిలోకి వచ్చిందన్నది ఇంకా పెద్ద సంగతి. మేలో ఒక సభ్యురాలు పుస్తకం రాయబోతోందంటూ న్యాయమూర్తికి ఆకాశరామన్న ఉత్తరం వెళ్లింది. ఆమె కాదన్నా, ఆ ఉత్తరంతో మొదలైన విచారణ ఆమెను తొలగించడంతో ముగిసింది. పుస్తకం అన్న మాట చాలు, మనిషి మీద నమ్మకం పోవడానికి. 2013లో ఫ్లోరిడాలో, ఒక నల్లజాతి కుర్రాణ్ణి కాల్చి చంపిన జిమ్మర్‌మన్ నిర్దోషి అని తీర్పు శనివారం వస్తే, సోమవారానికల్లా ఒక జ్యూరీ సభ్యురాలికి పుస్తకం ఏజెంటు కుదిరారు. జనం మండిపడటంతో మర్నాటికల్లా ఆమె ఆ ఆలోచన మానుకున్నారు. మానుకోవడం మంచిదే, కానీ ఆ రెండు రోజుల తొందర చూసినవాళ్లకు ఆ తీర్పు మీద గురి ఎలా కుదురుతుంది?

మా కేసు చివర బెయిలిఫ్, అంటే కోర్టు అధికారి, వచ్చి మా నోటు పుస్తకాలు వెనక్కి తీసుకున్నారు. పైన వైరు చుట్టిన చిన్న పుస్తకం, అట్ట మీద నా పేరు లేదు, కుర్చీ అంకె 7 మాత్రమే. పదకొండు పేజీలు రాసుకున్నాను. ముక్కలు చేసేస్తారని చెప్పారు. ఇచ్చేటప్పుడు చేయి కాస్త ఆగింది. మాతోపాటు కూర్చున్న ఒకావిడ చర్చలో కళ్లు తుడుచుకుంటూ చెప్పిన మాట అందులో ఉంది. ఆ మాట ఆవిడది. దానికి వెల కట్టే హక్కు నాకు లేదని అప్పుడే అనిపించింది, ఈ పుస్తకం చదివాక గట్టిపడింది. కూలీ తన ఒంటరితనం అమ్ముకోవచ్చు, అది ఆమె సొత్తు. పక్కవాళ్లు మూసిన తలుపు వెనక అన్న మాటలు వేరు.

గుంటూరులో న్యాయవాదిగా ఉన్న మా తమ్ముడు ఫోనులో ఇదంతా విని, “ఇంగ్లండులో అయితే లోపలి చర్చ బయటపెడితే నేరం అక్కా. మనకైతే జ్యూరీలే లేవు” అన్నాడు. ఉండేవి ఒకప్పుడు: 1959లో బొంబాయిలో, భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన నౌకాదళ అధికారి నానావతిని జ్యూరీలో ఎనిమిది మంది నిర్దోషి అన్నారు, ఒక్కరు కాదన్నారు. హైకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఆ తొమ్మిది మందీ గదిలో ఏమనుకున్నారో చదవాలని ఉందా అని అడిగితే, వాడు కాసేపు ఆగి ఉందన్నాడు. నాకూ ఉంది.

ఐదుకు మూడు ఇస్తున్నాను, మూడూ హోటల్ భాగానికే. పాత ప్రతి దొరికితే తీసుకోండి, 10 డాలర్లు దాటితే వద్దు. నా ప్రతిలో ఊడిన కాగితాలు అంటించి, డిసెంబరులో గుంటూరు వెళ్లేవాళ్ల చేత తమ్ముడికి పంపుతున్నాను.